పక్కన పడేసిన కంప్యూటరు, పోగొట్టుకోకూడని కాగితాలు

(యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట అంశం విని వెనక వరుసలో కొందరు నవ్వుకున్నారు. పాస్టరు గారు హార్డ్ డిస్కుల గురించి మాట్లాడతారట అని. నవ్వండి, పర్వాలేదు. ఇంట్లో మంచం కింద, అటక మీద పడి ఉన్న పాత కంప్యూటరుతో ఒక లినక్స్ ఫైల్ సర్వర్ ఎలా తయారుచేసుకోవాలో ఈ రోజు చెప్తాను. అయితే 'ఎలా' కంటే ముందు 'ఎందుకు' తేలాలి. ఎందుకో తెలియని పని నాలుగు రోజులకే మూలన పడుతుంది.

కాగితం లేనివాడి మాట ఎవరు వింటారు?

ఇక్కడ కూర్చున్న మనమంతా రెండు మూడు తరాల క్రితం ఊరు వదిలి వచ్చినవాళ్ల పిల్లలం. కోలారు బంగారు గనుల్లోకి దిగినవాళ్ల మనవళ్లున్నారు. సోలాపూరు మగ్గాల మీద బతికినవాళ్ల పిల్లలున్నారు. ముంబయిలో కామాఠీపుర అనే పేరే అక్కడికి కూలికి వెళ్లిన మన తెలుగు కామాటీల వల్ల వచ్చింది. బరంపురం, చెన్నై, యానాం నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. మనందరికీ ఉన్న ఉమ్మడి కష్టం ఒకటే. 'మీరు ఎక్కడివాళ్లు? ఎప్పుడు వచ్చారు? రుజువేది?' అని అడుగుతారు.

ఒక్క ఉదాహరణ చెప్తాను. మహారాష్ట్రలో కుల ధ్రువపత్రం కావాలంటే ఎస్సీలకు 1950 ఆగస్టు 10 నాటికి, విముక్త, సంచార జాతులకు 1961 నవంబరు 21 నాటికి, ఓబీసీలకు 1967 అక్టోబరు 13 నాటికి ఆ కుటుంబం ఆ రాష్ట్రంలో ఉన్నట్టు రుజువు చూపాలి. మూడో పేరా పేరుతో 1950 ఉత్తర్వు దళిత క్రైస్తవులను బయట నిలబెట్టిన అన్యాయం గురించి మరోసారి మాట్లాడుకుందాం. ఆ పోరాటానికైనా, బీసీ ధ్రువపత్రానికైనా మొదట అడిగేది పాత కాగితమే. తాతగారి బడి టీసీ, గని కార్మికుడి సర్వీసు పుస్తకం, మిల్లు గుర్తింపు కార్డు, పాత రేషను కార్డు, ఇంటి పన్ను రశీదు, చర్చి బాప్తిస్మపు రిజిస్టరులో ఒక వరుస. మనవరాలికి కాలేజీలో సీటు వస్తుందా రాదా అన్నది ఆ ఒక్క కాగితం మీద ఆగిపోవచ్చు.

మరి ఆ కాగితాలు ఎక్కడున్నాయి? ట్రంకు పెట్టెలో, బియ్యం డబ్బా పక్కన, ప్లాస్టిక్ కవరులో. కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. కంపెనీ పోయాక మిగిలేది కార్మికుడి ఇంట్లో ఉన్న ప్రతే. యానాం వాళ్లకు 1986 గోదావరి వరద గుర్తుంది. బరంపురం వాళ్లకు 2013 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ గుర్తుంది. చెన్నై వాళ్లకు 2015 డిసెంబరు గుర్తుంది. నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు ముందు పిల్లల్ని, ముసలివాళ్లను ఎత్తుకుని పరుగెడతాం. ట్రంకు పెట్టె అక్కడే ఉండిపోతుంది.

'ఫోనులో ఫోటో తీసి పెట్టుకున్నాం అన్నా' అంటారు. మంచిదే. ఫోను పోతే? వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించుకుపోతుంది, చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. గూగుల్ ఖాతాలో ఉచితంగా దొరికేది 15 జీబీ. రెండేళ్లు ఎవరూ తెరవని ఖాతాను తీసేసే అధికారం ఆ కంపెనీ తన దగ్గరే ఉంచుకుంది. ఇంటి పెద్ద చనిపోయి, ఆయన పాస్‌వర్డు ఎవరికీ తెలియకపోతే రెండేళ్లు గడవడం ఎంతసేపు? అలాంటివి వాడొద్దని నేను చెప్పడం లేదు. అవి ఒక ప్రతికి సరిపోతాయి. అసలు ప్రతి మాత్రం మన ఇంట్లో, మన చేతిలో ఉండాలి.

ఫైల్ సర్వర్ అంటే

పెద్ద మాట చూసి భయపడకండి. ఇంట్లో అందరూ వాడుకునే బీరువా ఉంటుంది కదా. ఒక అర అమ్మది, ఒకటి నాన్నది, ఒకటి అందరిదీ. ఫైల్ సర్వర్ కూడా అంతే. ఒక కంప్యూటరు ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది, వైఫై రూటరుకు ఒక తీగతో కలిసి ఉంటుంది. ఇంట్లో ఫోను నుంచైనా, ల్యాప్‌టాప్ నుంచైనా దానిలో ఫైళ్లు పెట్టవచ్చు, తీయవచ్చు. దానికి మానిటరు అక్కర్లేదు, కీబోర్డు అక్కర్లేదు. ఇంటర్నెట్ లేకపోయినా ఇంట్లో పనిచేస్తుంది.

దీనికి లినక్స్ ఎందుకు? 1991లో హెల్సింకిలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన పని అది. ఈ రోజు లోకంలోని వేలమంది చేతుల మీదుగా నడుస్తోంది. లైసెన్సు డబ్బు కట్టక్కర్లేదు, దొంగ కాపీ వాడక్కర్లేదు. పాత యంత్రం మీద కూడా తేలిగ్గా నడుస్తుంది. విండోస్ కంప్యూటర్లు దానితో మాట్లాడటానికి సాంబా అనే సాఫ్ట్‌వేరు ఉంది. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే విద్యార్థి యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీరును గమనించి, ఆ భాష నేర్చుకుని, దాని తొలి రూపం రాసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. మన భాషకూ ఇందులో చోటుంది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పని చేసింది. ఫైలు పేరు 'తాతయ్య గని సర్వీసు పుస్తకం' అని తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు. కన్నడంలోనో తమిళంలోనో చదువుకుని తెలుగు అక్షరాలు కూడబలుక్కునే మన పిల్లలకు అది కూడా ఒక పాఠమే.

ఏది పాతదైనా పర్వాలేదు, ఏది కాకూడదు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 చాలా పాత యంత్రాల మీద ఎక్కదు. అందుకని ఆఫీసుల్లో, బడుల్లో బాగానే పనిచేసే కంప్యూటర్లను పక్కన పెట్టేస్తున్నారు. మనకు అలాంటివే కావాలి. అడగండి, సిగ్గుపడొద్దు. అయిదు వేలమంది తిన్న తర్వాత మిగిలిన ముక్కలను కూడా పన్నెండు గంపలకెత్తిన కథ విని పెరిగినవాళ్లం మనం.

ప్రాసెసరు కోర్ 2 డ్యువో ఆ తర్వాతి కాలానిది ఏదైనా చాలు. 64 బిట్‌దై ఉండాలి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13ను పాత 32 బిట్ కంప్యూటర్లలో కొత్తగా ఎక్కించుకునే వీలు లేదు. మెమరీ 2 జీబీ ఉంటే నడుస్తుంది, 4 ఉంటే హాయి. మెమ్‌టెస్ట్ అనే ఉచిత ప్రోగ్రాముతో ఒక రాత్రంతా మెమరీని పరీక్షించండి. ఒక్క తప్పు వచ్చినా ఆ ముక్క తీసేయండి. చెడ్డ మెమరీ చెప్పాపెట్టకుండా ఫైళ్లను పాడుచేస్తుంది.

డబ్బా విప్పి దుమ్ము బ్రష్‌తో దులపండి. మదర్‌బోర్డు మీద చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లు ఉంటాయి. వాటి తలలు ఉబ్బి ఉంటే ఆ బోర్డు వద్దు. ప్రాసెసరు మీది పేస్టు ఎండిపోయి ఉంటే తుడిచి కొత్తది రాయండి. గడియారం తప్పుతుంటే గుండ్రటి బ్యాటరీ మార్చండి, అది సీఆర్2032 అని ఏ కొట్లో అడిగినా ఇస్తారు. తీగలూ పాత భాగాలూ కావాలంటే బెంగళూరు ఎస్పీ రోడ్డు, చెన్నై రిచీ స్ట్రీటు, ముంబయి ల్యామింగ్టన్ రోడ్డు ఉండనే ఉన్నాయి.

పవర్ సప్లై, హార్డ్ డిస్కు. ఈ రెండింటి దగ్గర మాత్రం పాతదానితో సరిపెట్టుకోకండి. నాసి పవర్ సప్లై పోతూ పోతూ మిగతావాటిని కూడా తీసుకుపోతుంది. ఇక డిస్కు. లినక్స్‌ను ఎక్కించే డిస్కు పాతదైనా పర్వాలేదు, పోతే గంటలో మళ్లీ ఎక్కించుకోవచ్చు. కాగితాలు దాచే డిస్కులు రెండూ కొత్తవే కొనండి. కుటుంబానికి కొత్త బట్టలు కొనే డబ్బులో ఒక పండక్కి ఇటు మళ్లించండి.

కరెంటు బిల్లు సంగతి అమ్మలు అడుగుతారు, అడగాలి కూడా. పాత డెస్క్‌టాప్ పని లేకుండా కూర్చున్నప్పుడు సుమారు 50 వాట్లు తీసుకుంటుందనుకోండి. రోజుకు 1.2 యూనిట్లు, నెలకు 36 యూనిట్లు. పాత ల్యాప్‌టాప్ 15 వాట్లతో నడిస్తే నెలకు 11 యూనిట్లు దాటదు. తెర పగిలిన ల్యాప్‌టాప్ కూడా పనికొస్తుంది. కానీ బ్యాటరీ ఉబ్బి ఉంటే వెంటనే తీసేయండి, అది నిప్పుతో సమానం. డెస్క్‌టాప్‌కైతే చిన్న యూపీఎస్ తప్పనిసరి. మన పేటల్లో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు.

ఎక్కించే వరస

డెబియన్‌ను దాని సొంత వెబ్‌సైటు నుంచే దించుకుని పెన్‌డ్రైవ్‌లో వేయండి. ఎక్కించేటప్పుడు ఏమేమి కావాలని అడుగుతుంది. డెస్క్‌టాప్ వద్దని, ఎస్ఎస్‌హెచ్ సర్వర్ కావాలని చెప్పండి. ఎస్ఎస్‌హెచ్ ఉంటే పక్క గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని దీనికి ఆజ్ఞలివ్వవచ్చు.

తర్వాత కాగితాల డిస్కులు. రెండింటినీ లక్స్ అనే పద్ధతితో తాళం వేసి, ఈఎక్స్‌టీ4 పద్ధతిలో సిద్ధం చేయండి. తాళం ఎందుకంటే, దొంగ కంప్యూటరు ఎత్తుకుపోయినా లోపలి కాగితాలు చదవలేడు. దీనికో ఇబ్బంది ఉంది. కరెంటు పోయి వచ్చాక ఎవరో ఒకరు తాళపు మాట కొట్టాలి. అందుకని ఆ మాట ఇంట్లో ఇద్దరికి తెలిసి ఉండాలి. కాగితం మీద రాసి, మూసిన కవరులో నమ్మకమైన బంధువు ఇంట్లో ఉంచండి. ఆ మాట పోతే కాగితాలు పోయినట్టే, ఎవరూ తెరవలేరు.

ఆపైన సాంబా. ఒక్కొక్కరికి వేరే పేరు, వేరే పాస్‌వర్డు ఇవ్వండి. 'అందరిదీ' అని ఒక ఫోల్డరు, ఒక్కొక్కరికి సొంతంగా ఒక ఫోల్డరు. పాస్‌వర్డు లేకుండా అతిథులు వచ్చే తలుపు మూసేయండి. ఎస్ఎంబీ1 అనే పాత పద్ధతిని తెరవకండి. 2017 మేలో వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది ఆ దారినే. రూటరులో ఈ కంప్యూటరుకు మారని చిరునామా ఒకటి కేటాయించండి. బయటి ఇంటర్నెట్ నుంచి దీనిలోకి దారి మాత్రం తీయవద్దు. ఎవరో తెలిసినవాడు 'పోర్టు తెరిస్తే ఊళ్లో ఎక్కడినుంచైనా చూసుకోవచ్చు' అంటాడు. ఊళ్లోవాళ్లంతా కూడా చూసుకోవచ్చు మరి.

భద్రతకు సంబంధించిన కొత్త సవరణలు వాటంతటవే ఎక్కేలా పెట్టండి. డిస్కు ఆరోగ్యం చూసే స్మార్ట్ పరికరాలను ఎక్కించి, పాడైన గదుల లెక్క పెరుగుతోందేమో నెలకోసారి చూడండి. పెరుగుతుంటే అదే ముందస్తు హెచ్చరిక. డిస్కు మార్చండి.

అద్దం బ్యాకప్ కాదు

చాలామంది కుర్రాళ్లు రెండు డిస్కులు చూడగానే రెయిడ్ కట్టేద్దాం అంటారు. అంటే ఒకటి మరోదానికి అద్దంలా ఉంటుంది. ఒక డిస్కు చెడిపోతే రెండోది పనిచేస్తుంది, నిజమే. కానీ మీ తమ్ముడు పొరపాటున ఒక ఫోల్డరు చెరిపేస్తే అద్దంలో కూడా అదే క్షణంలో చెరిగిపోతుంది. వైరస్ వచ్చి ఫైళ్లకు తాళం వేస్తే రెండింటికీ పడుతుంది. మన ఇళ్లకు మేలైన పద్ధతి వేరే. మొదటి డిస్కు రోజూ వాడకానికి. రాత్రి రెండు గంటలకు ఆర్‌సింక్ అనే ప్రోగ్రాము కొత్తవాటిని రెండో డిస్కులోకి తేదీవారీగా ఎత్తిపెడుతుంది. మారని ఫైళ్లకు మళ్లీ చోటు పట్టకుండా చేసే వీలు అందులోనే ఉంది. మంగళవారం చెరిగిపోయింది సోమవారపు ప్రతిలో దొరుకుతుంది.

మూడో ప్రతి ఇంకో చోట ఉండాలి. ప్రతులు మూడు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే ఊళ్లో అన్న లెక్కను 3-2-1 అంటారు. ఇక్కడే మనకున్న బలం గుర్తు చేసుకోండి. మనం చెదిరిపోయినవాళ్లం అని బాధపడతాం. బరంపురంలో ఉన్నవారికి బెంగళూరులో మేనత్త ఉంటుంది, యానాంలో ఉన్నవారికి సోలాపూరులో పెద్దన్న ఉంటాడు. తాళం వేసిన ఒక చిన్న డిస్కు వాళ్లింట్లో ఉంచండి, వాళ్లది మీ ఇంట్లో ఉంచండి. క్రిస్మస్‌కో పెళ్లికో కలిసినప్పుడు మార్చుకోండి. తీరాన వచ్చిన తుపాను దక్కను మీది ఇంటిని అదే రాత్రి ముంచదు.

మూడు నెలలకోసారి ఒక పని తప్పక చేయండి. ఏదో ఒక ఫైలును బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చి తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

ఏం దాచాలి, ఎవరిని అడిగి దాచాలి

కాగితాన్ని 300 డీపీఐతో స్కాన్ చేయండి. రంగులోనే చేయండి, ముద్రల రంగు కూడా ఒక సాక్ష్యమే. కాగితం వెనక వైపు మరచిపోవద్దు, సంతకాలూ తేదీలూ అక్కడే ఉంటాయి. మామూలు కుదింపుతో ఒక పేజీ 2 ఎంబీ అనుకుంటే, 200 పేజీల రిజిస్టరుకు 400 ఎంబీ. ఒక టీబీ డిస్కులో అలాంటివి 2500 పడతాయి. అంటే మన సంఘం మొత్తం చరిత్ర ఒక్క డిస్కులో ఇంకా ఖాళీ మిగిల్చి పడుతుంది. ఫైలు పేరు ముందు సంవత్సరం వేయండి. 1948, 1956 అని వరసగా కుదురుకుంటాయి.

ఫోటోల వెనక ఎవరెవరున్నారో బతికున్న పెద్దవాళ్లను అడిగి రాయండి. నాయనమ్మ చెప్పే వలస కథను ఫోనులో రికార్డు చేసి అదే ఫోల్డరులో పెట్టండి. డిస్కు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు, నాయనమ్మ గొంతు కొనుక్కోలేం.

ఒక సంగతి గట్టిగా చెప్పాలి. స్కాన్ చేసినంత మాత్రాన అసలు కాగితం పారేయకూడదు. ఆఫీసులోనూ కోర్టులోనూ అసలు ప్రతి అడుగుతారు. స్కాన్ ప్రతి ఉంటే, అసలుది పోయినప్పుడు దాని నంబరు, తేదీ, ఇచ్చిన కార్యాలయం తెలుస్తాయి. నకలు కోసం దరఖాస్తు పెట్టడానికి అవే దారి చూపిస్తాయి.

ఇంకోటి. అందరి కాగితాలూ ఒకచోట చేరితే, వాటిని తెరిచే చేతికి అధికారం వస్తుంది. ఆ అధికారం ఇంట్లో ఒక్క మగపిల్లాడి చేతిలోనో, సంఘంలో ఒక్క పాస్టరు చేతిలోనో ఉండకూడదు. వేధింపుల కేసు పెట్టిన చెల్లి కాగితాలు, ఒకరి వైద్య రిపోర్టు, అట్రాసిటీ కేసులో సాక్షి పేరు, ఇవి 'అందరిదీ' ఫోల్డరులో పెట్టేవి కావు. వాళ్లను అడగకుండా స్కాన్ కూడా చేయకూడదు. కావాలన్నప్పుడు తీసేయాలి. సర్వర్ నడిపే పని అమ్మాయిలు కూడా నేర్చుకోవాలి, తాళపు మాట వాళ్లకూ తెలియాలి. బీరువా తాళంచెవి ఎవరి కొంగున ఉందో వాళ్ల మాటే ఇంట్లో చెల్లుతుంది కదా.

మిగిలిపోయిన చెత్త ఎవరి చేతుల్లోకి

విప్పిన యంత్రాల్లో పనికిరానివి మిగులుతాయి. వాటిని పాతసామాను బండికి వేసేసి చేతులు దులుపుకోకండి. రాగి కోసం తీగలు కాల్చే పిల్లలు, యాసిడ్‌లో బోర్డులు ముంచే కూలీలు ఎక్కడివాళ్లో మనకు తెలుసు. వాళ్లూ మనలాగే వలస వచ్చినవాళ్లే. ఆ బోర్డుల్లో సీసం ఉంటుంది, కాల్చిన ప్లాస్టిక్ పొగ ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. 2022 ఈ-వ్యర్థాల నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. అనుమతి ఉన్న రీసైక్లింగ్ సంస్థకే ఇవ్వండి. పేటంతా కలిసి ఒకేసారి పోగుచేసి పిలిస్తే తేలిక.

ఇతరులు మీకు ఇచ్చిన పాత డిస్కులో వాళ్ల ఫోటోలు, బ్యాంకు కాగితాలు ఉండవచ్చు. వాటిని తెరిచి చూడకుండా మొత్తం తుడిచేసి వాడండి. అది ఇచ్చినవాళ్లకు మనం చూపే మర్యాద.

ఈ నెలలో చేయాల్సినవి

మూడు పనులు చెప్పి ముగిస్తాను. మొదటిది, ఈ ఆదివారం సాయంత్రం ఇంట్లో ట్రంకు పెట్టె దించి, ఏ కాగితాలున్నాయో ఒక జాబితా రాయండి. దీనికి కంప్యూటరు అక్కర్లేదు. రెండోది, మీ పేటలో వాడకుండా పడి ఉన్న కంప్యూటర్లు ఎన్నో కనుక్కోండి. నలుగురివి కలిపితే ఒక మంచి యంత్రం తయారవుతుంది. మూడోది, ముగ్గురు నలుగురు కలిసి నేర్చుకోండి, అందులో కనీసం ఒక్క చెల్లి ఉండాలి. ఒకరికే తెలిసిన పని ఆ ఒకరు ఉద్యోగానికి వెళ్లిపోగానే ఆగిపోతుంది.

మన తాతలు గనుల్లో, మిల్లుల్లో, రేవుల్లో పనిచేసి ఈ రాష్ట్రాలను కట్టారు. వాళ్ల పేర్లు పెద్ద పుస్తకాల్లో రాయలేదు. ఉన్న నాలుగు కాగితాలను మనమే కాపాడుకుంటే, రేపు మన పిల్లల్ని 'మీరెక్కడివాళ్లు' అని అడిగినప్పుడు తల వంచుకోకుండా ఫైలు తెరిచి చూపిస్తారు.

ప్రశ్నలుంటే అడగండి. స్క్రూడ్రైవర్ తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండి, బల్ల మీద ఉన్న ఈ డబ్బాను కలిసి విప్పుదాం.